బరంపురం నుంచి గోపాల్‌పూర్‌కి లైట్ రైల్: గీత గీసే ముందు టైంటేబుల్ రాద్దాం

తమ్ముడూ, నీ ప్రశ్న నిదానంగా చదివాను. బరంపురం బస్టాండు నుంచి గోపాల్‌పూర్ బీచ్ దాకా ఒక లైను, ఛత్రపురం దాకా ఇంకో లైను లైట్ రైల్ (ట్రామ్ లాగా ఊరి రోడ్ల మీద పట్టాలపై కరెంటుతో నడిచే చిన్న రైలు) వేస్తే ఎలా ఉంటుంది, మన రోడ్ల మీద అది అసలు నడుస్తుందా, భువనేశ్వర్ మెట్రోకి 2024 జనవరి 1న శంకుస్థాపన చేసి కూడా పని సాగలేదు కదా మనకెవరిస్తారు, డిప్లొమా సివిల్ చదువుతున్నాను ఈ లైన్లోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి అని అడిగావు. నేను కూడా ఒడిశాలోని మన గంజాం జిల్లా వాడినే. మొదట ట్రాక్ వేసే పనిలో చేరి తర్వాత బండ్లు నడిపే విభాగంలోకి వచ్చాను కాబట్టి కట్టేవాళ్ళ గోల, నడిపేవాళ్ళ గోల రెండూ తెలుసు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఛత్రపురం వైపు లైట్ రైల్ అక్కర్లేదు. అక్కడ హౌరా–చెన్నై మెయిన్ లైన్ ఉంది. అటు కావలసింది ఉదయం, సాయంత్రం ఇంకొన్ని మెము బండ్లు (దగ్గరి ఊళ్ళ మధ్య తిరిగే కరెంటు ప్యాసింజర్ రైళ్ళు), స్టేషన్లో దిగగానే దొరికే టౌన్ బస్సు. గోపాల్‌పూర్ వైపు ప్యాసింజర్ రైలు లేదు, ఊరు ఆ దిక్కుకే పెరుగుతోంది, దారిలో భంజవిహార్ యూనివర్సిటీ ఉంది, కాబట్టి అటు ఆలోచించడంలో అర్థం ఉంది. కానీ ఇప్పటికిప్పుడు పట్టాలు వేయమని మాత్రం నేను చెప్పను, ఎందుకో కింద చదువు.

ఇలాంటి ప్రతిపాదన ఎక్కడ మొదలైనా అందరూ చేసే మొదటి పని మ్యాప్ మీద రంగు గీత గీయడం. ఆ తర్వాత స్టేషన్ల పేర్లు, ఆ తర్వాత కిలోమీటరుకి ఎన్ని కోట్లు. బండి ఎన్ని నిమిషాలకొకటి వస్తుంది, కూడలి దగ్గర దాన్ని ఎవరు వదులుతారు, రాత్రి ఎక్కడ పెడతారు, చక్రం అరిగితే ఎవరు మారుస్తారు అనేవి చివర్లో, టెండర్లు అయిపోయాక గుర్తొస్తాయి. ఈ వరస తిరగబడాలని నా గట్టి నమ్మకం. టైంటేబుల్ ముందు రాయాలి, దాన్ని నిలబెట్టే రోడ్డు, కరెంటు, డిపో ఏమిటో అందులోంచే తేలాలి.

లెక్క వేసి చూపిస్తాను. లైను పొడవు 15 కిలోమీటర్లు అనుకో. ఆగడాలు, సిగ్నళ్ళు అన్నీ కలుపుకుని సగటు వేగం గంటకు 22 కిలోమీటర్లు దక్కితే ఒక వైపు 41 నిమిషాలు పడుతుంది. రెండు చివర్లా డ్రైవరు ఈ క్యాబిన్ నుంచి ఆ క్యాబిన్‌కి మారడానికి, ఆలస్యం ఉంటే సర్దుకోవడానికి చెరో 6 నిమిషాలు వేసుకో. మొత్తం ఒక రౌండుకి 94 నిమిషాలు. 6 నిమిషాలకో బండి కావాలంటే 94ని 6తో భాగించు, 16 బండ్లు లైన్లో తిరుగుతూ ఉండాలి. మరమ్మతులో ఉండేవి, స్పేర్ బండి కలిపి ఇంకో రెండు మూడు. ఇప్పుడు అదే లైనులో ఊరి లోపలి కూడళ్ళ దగ్గర బండి ఆగీ ఆగీ సగటు వేగం 15కి పడిపోయిందనుకో. ఒక వైపు గంట, రౌండుకి 132 నిమిషాలు, లైన్లో 22 బండ్లు. ప్రయాణికుడికి దక్కేది అప్పుడూ 6 నిమిషాలకో బండే, పైగా ఇంటికి ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరతాడు. మనం మాత్రం ఆరు బండ్లు ఎక్కువ కొనాలి, ఆరు బండ్లకి డ్రైవర్లని పెట్టాలి (రెండు షిఫ్టులు, వీక్లీ ఆఫ్, లీవులు, ట్రైనింగ్ అన్నీ చూసుకుంటే బండికి ముగ్గురు డ్రైవర్ల కంటే తక్కువ సరిపోరు), డిపోలో ఆరు బండ్లకి చోటు చూడాలి, ముప్ఫై ఏళ్ళ పాటు వాటి మరమ్మతు భరించాలి. ఇదంతా కొన్ని కూడళ్ళ దగ్గర ఎర్ర సిగ్నల్ ఖరీదు. అందుకే లైట్ రైల్ విషయంలో డబ్బు పట్టాల దగ్గర కంటే కూడలి దగ్గరే ఎక్కువ పోతుందని అంటాను.

ఇంకో వైపు నుంచి కూడా చూడు. కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2019లో మెట్రోలైట్ అనే పేరుతో స్పెసిఫికేషన్లు విడుదల చేసింది. మూడు కోచ్‌ల బండి, సుమారు 300 మంది, గరిష్ఠ వేగం గంటకు 60, వీలైనంత వరకు నేల మీదే, కంచె వేసిన సొంత దారిలో. మరుసటి ఏడాది అంటే 2020లో మెట్రో నియో అని ఇంకోటి ఇచ్చారు, అది రబ్బరు టైర్ల మీద పైతీగ కరెంటుతో నడిచే పొడుగు బస్సు. మన లైనులో 6 నిమిషాలకో మెట్రోలైట్ బండి అంటే గంటకు 10 బండ్లు, ఒక దిశలో 3,000 మంది. బాగా నిండిన బస్సుకి 60 మంది చొప్పున వేసుకుంటే 50 బస్సులు. మరి మంగళవారం ఉదయం తొమ్మిదింటికి గోపాల్‌పూర్ రోడ్డు మీద ఒకే దిశలో 3,000 మంది వెళ్తారా? ఆదివారం సాయంత్రం బీచ్ నుంచి తిరిగొచ్చే జనాన్ని చూసి లెక్క వేయకూడదు. ఆ రద్దీ వారానికి ఒక పూట. రైలు మాత్రం ఏడు రోజులూ జీతం, కరెంటు, వడ్డీ అడుగుతుంది. 1,000, 1,200 మంది దాకా అయితే మంచి బస్సులు, వాటికి ఖాళీగా వదిలిన ఒక లేను చాలు. ఇది చెప్తే చాలామందికి కోపం వస్తుంది, మన ఊరికి రైలు వద్దంటావా అని. వద్దనడం లేదు, జనం ఎక్కని రైలు వేసి దాన్ని మూసేస్తే ఇంకో యాభై ఏళ్ళు మన వైపు ఎవరూ చూడరనే నా భయం.

రోడ్డు సంగతి. రెండు ట్రాకులకి దాదాపు 7 మీటర్ల వెడల్పు పోతుంది, స్టాపు ఉన్నచోట ప్లాట్‌ఫారంతో కలిపి 10 దాటుతుంది. రెండు వైపులా వాహనాలకి రెండేసి లేన్లు, ఫుట్‌పాత్‌లు కూడా కావాలంటే 25 నుంచి 30 మీటర్ల రోడ్డు ఉండాలి. గోపాల్‌పూర్ దారిలో ఊరు దాటాక అది సాధ్యమే. బడా బజార్ లోపల, గిరి రోడ్డు మీద అసాధ్యం. లోపలికి తీసుకెళ్ళాల్సిందే అని పట్టుబడితే రెండే దారులు, పక్కపక్క వీధుల్లో ఒక్కో ట్రాకు వేసి వాహనాలని బయట నుంచి తిప్పడం, లేదా పైకి లేపడం. పైకి లేపితే అది లైట్ రైల్ ధరలో ఉండదు. నాగపూర్ మెట్రో మొదటి దశ ఎక్కువగా పిల్లర్ల మీదే కట్టారు, మంజూరైన అంచనా సుమారు 38 కిలోమీటర్లకి 8,680 కోట్లు, అంటే కిలోమీటరుకి దాదాపు 227 కోట్లు. లిఫ్టులు, ఎస్కలేటర్లు, టికెట్ హాలు, ఇవన్నీ పిల్లర్ మీదికి ఎక్కినందుకే. నేల మీది స్టాపుకి రోడ్డు నుంచి 30, 35 సెంటీమీటర్ల ఎత్తు అరుగు, నీడ, ఒక టికెట్ మెషీన్ చాలు. పెద్దవాళ్ళు మోకాళ్ళ నొప్పులతో రెండు అంతస్తులు ఎక్కే పని ఉండదు. మూడు నాలుగు కిలోమీటర్ల ప్రయాణానికి ఎక్కీ దిగీ అయిదు నిమిషాలు పోతే ఎవరైనా ఆటోనే ఎక్కుతారు.

కాబట్టి నా ఓటు లైను కొత్త బస్టాండు వైపు, ఊరి అంచున మొదలుపెట్టడానికి. పాతూరిలోకి మొదటి దశలో అడుగే పెట్టకూడదు. ఇంకో కారణం కూడా ఉంది. రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర వస్తుంది, దాదాపు నెల రోజులు పాతూరి వీధులు జనానివే. ఎత్తైన రథాలు, లైటింగ్ తోరణాలు, కాగడాలు, వీటన్నిటి పైన 750 వోల్టుల తీగ అయిదారు మీటర్ల ఎత్తులో వేలాడుతుంటే ఎవరికి నిద్ర పడుతుంది? ఆ వీధులు ఊరి పండగకి ఉండాలి. యూరప్‌లో బోర్డో ఊరివాళ్ళు 2003లో చారిత్రక వీధుల్లో పైతీగ లేకుండా, బండి కింద ఉన్న ముక్కకి మాత్రమే కరెంటు వచ్చే నేలపట్టీ పద్ధతి తెచ్చారు. అది బాగా ఖరీదు, మన వానల్లో నీళ్ళు నిలిచే వీధికి నేనైతే సిఫార్సు చేయను.

నడిరోడ్డు మీద బండి నడిపేటప్పుడు నిజమైన ప్రమాదం ఎక్కడుంటుందో చెప్తాను, బయట చాలామందికి తెలియదు. మనం ఎడమ పక్క నడుపుతాం, ట్రాకు రోడ్డు మధ్యలో ఉంటుంది. ట్రాకు పక్క లేనులో వెళ్తున్న ఆటో కుడివైపు తిరగాలంటే ట్రాకుని అడ్డంగా దాటాలి, వెనక నుంచి వస్తున్న బండి అతని అద్దంలో కనబడదు. రోడ్డు మధ్యలో లైట్ రైల్ నడిచే చాలా ఊళ్ళలో గుద్దుకోవడాలు ఎక్కువగా ఇలాంటివే. అమెరికాలో హ్యూస్టన్ లైను 2004లో మొదలైనప్పుడు, అక్కడ ఎడమ మలుపు తిరిగే కార్లతో, మొదటి నెలల్లోనే వరసగా ప్రమాదాలయ్యాయి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి మామూలు బ్రేకుతో ఆగడానికి 80 మీటర్లు తీసుకుంటుంది, డ్రైవరు చూసి బ్రేకు వేసే లోపు పోయే 14 మీటర్లు వేరే. పట్టాకి అతుక్కునే అయస్కాంత బ్రేకు, ఇసుక అన్నీ వాడినా 35, 40 మీటర్లు పడుతుంది. ఉక్కు మీద ఉక్కు, పట్టు అంతే ఉంటుంది. కాబట్టి కుడి మలుపులు సగానికి పైగా మూసేయాలి, తెరిచిన ప్రతిచోటా కుడి మలుపుకి విడిగా సిగ్నల్ ఉండాలి, బండి వస్తుంటే అది ఎర్రగానే ఉండాలి. దుకాణాల వాళ్ళు ఒప్పుకోరు, కౌన్సిలర్ ఒప్పుకోడు. ఇంజనీరింగ్ కంటే ఈ మాట్లాడే పనే కష్టం, దీనికి టెండర్ పిలవలేం. వీధి వీధికీ వెళ్ళి ఒడియాలో, తెలుగులో కూర్చుని చెప్పాలి.

సిగ్నల్ ప్రయారిటీ అనేది మాయేం కాదు. కూడలికి 200, 300 మీటర్ల ముందు ట్రాకులో ఒక డిటెక్టర్ ఉంటుంది, బండి దాన్ని దాటగానే సిగ్నల్ కంట్రోలర్‌కి కబురు వెళ్తుంది, అది ఉన్న గ్రీన్‌ని కొన్ని సెకన్లు పొడిగిస్తుంది లేదా రాబోయే గ్రీన్‌ని ముందుకు తెస్తుంది. మన ఊళ్ళలో చిక్కేమిటంటే రద్దీ సమయంలో ట్రాఫిక్ పోలీసు మిషన్ ఆపేసి చేత్తో నడిపిస్తాడు. అతని తప్పేం లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. ట్రాఫిక్ పోలీసు విభాగం మొదటి రోజు నుంచి ప్రాజెక్టులో కూర్చోకపోతే పైన వేసిన 16 బండ్ల లెక్క 22 అయిపోతుంది.

ఇక నేల కింద ఏముందో చూద్దాం. నీది సివిల్ కాబట్టి ఈ భాగం జాగ్రత్తగా చదువు. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో ఊరి ట్రామ్ మన గోపాల్‌పూర్ లైనంత పొడవే, 14 కిలోమీటర్లు. మొదట్లో చెప్పిన అంచనా 37.5 కోట్ల పౌండ్లు, 2014లో తెరిచేసరికి 77 కోట్లు దాటింది, అనుకున్న లైను కూడా కుదించారు. దాని మీద వేసిన విచారణ నివేదిక 2023లో వచ్చింది. అక్కడ చిక్కుముడి కాంట్రాక్టు గొడవలతో పాటు రోడ్డు కింద పాత పైపులు, కేబుళ్ళు. డ్రాయింగులో ఒకచోట ఉంటే తవ్వితే ఇంకోచోట, డ్రాయింగులో లేనివి కూడా బయటపడ్డాయి. డ్రాయింగులు పదిలంగా దాచుకునే దేశంలోనే ఇలా అయితే మన మునిసిపాలిటీ నీటి పైపు ఏ ఏడాదిలో ఏ లోతున వేశారో ఎవరిని అడుగుతాం? ట్రాక్ స్లాబ్ (పట్టాలని పట్టి ఉంచే కాంక్రీటు పలక) కింద పైపు వదిలేయకూడదు, ఎప్పుడో అది పగులుతుంది, అప్పుడు స్లాబ్ పగలగొట్టాలి, బండ్లు ఆగుతాయి. అందుకని పైపులన్నీ ముందు పక్కకి జరపాలి. రాడార్‌తో స్కాన్ చేయడం, అనుమానం ఉన్నచోట చిన్న గొయ్యి తవ్వి కళ్ళతో చూడడం, కొలిచి మ్యాప్ మీద ఎక్కించడం. ఈ సర్వేకి అయ్యే డబ్బు మొత్తం ప్రాజెక్టులో చాలా చిన్నది, కానీ దాన్ని దాటేసినవాళ్ళంతా వడ్డీతో కట్టారు.

దీనికి తోడు లీకేజీ కరెంటు. లైట్ రైల్ 750 వోల్టుల డీసీ మీద నడుస్తుంది, పైతీగలో వచ్చిన కరెంటు మోటార్లలోంచి పట్టాల ద్వారా సబ్‌స్టేషన్‌కి తిరిగి వెళ్ళాలి. గండి పడిన కాలువలో నీళ్ళలాగా, పట్టాకి నేలకి మధ్య ఇన్సులేషన్ చెడినచోట కొంత కరెంటు మట్టిలోకి పారుతుంది, దగ్గర్లో ఉన్న ఇనప నీటి పైపు ఎక్కి ప్రయాణం చేసి సబ్‌స్టేషన్ దగ్గర పైపులోంచి బయటికి వస్తుంది. ఆ బయటికి వచ్చేచోట ఇనుము కరిగిపోతుంది. ఒక్క ఆంపియరు కరెంటు ఏడాది పాటు అలా పారితే దాదాపు 9 కిలోల ఇనుము పోతుంది. బ్రిడ్జి స్లాబ్‌లో ఉన్న చువ్వలకీ ఇదే గతి. మన నేల సముద్రం పక్కన, తేమ, ఉప్పు రెండూ ఉన్న మట్టి, కరెంటుకి అంతకంటే సుఖమైన దారి లేదు. దీనికి మందు తెలిసిందే. పట్టాకి చుట్టూ రబ్బరు తొడుగు, పట్టాల అతుకులన్నీ మంచి వెల్డింగు, స్లాబ్‌లో లీకేజీని పట్టి వెనక్కి పంపే చువ్వల వల, సబ్‌స్టేషన్లు దగ్గర దగ్గరగా, రెండేసి కిలోమీటర్లకొకటి. కానీ రబ్బరు తొడుగు పని వానలో, రాత్రి, ఆదరాబాదరాగా చేస్తే ఏం లాభం లేదు, కాంక్రీటు పోశాక అది మళ్ళీ కనబడదు. సైటులో ఇంజనీరు ప్రతి మీటరూ కళ్ళతో చూసి సంతకం పెట్టాల్సిన పని ఏదైనా ఉందంటే ఇదే.

తుఫాన్ల గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర. ఆ గాలికి నిలబడేలా స్తంభాలు, పునాదులు డిజైన్ చేయొచ్చు, అది కష్టం కాదు. అసలు సమస్య ఎగిరొచ్చి తీగల మీద పడే రేకులు, చెట్లు, ఫ్లెక్సీలు. తీగ తెగితే ఎన్ని గంటల్లో కట్టగలం, దానికి టవర్ వ్యాగన్ (పైతీగ బాగుచేసే బండి), మనుషులు, తీగ చుట్టలు డిపోలో ఉన్నాయా అనేది డిజైన్ దశలోనే రాసుకోవాలి. తుఫాను లేని రోజుల్లో కూడా ఉప్పుగాలి ఇన్సులేటర్ల మీద పొర కడుతుంది, పొద్దున మంచు పడితే దాని మీదుగా స్పార్క్ వస్తుంది, క్రమం తప్పకుండా కడగాలి. రోడ్డులో పొదిగిన గాడి పట్టాలైతే ఇసుక, మట్టి, గుట్కా ప్యాకెట్లు అన్నీ గాడిలో చేరతాయి. పాయింట్ల దగ్గర, అంటే బండి ఒక ట్రాకు నుంచి ఇంకో ట్రాకుకి మళ్ళే చోట, ఇరుక్కుంటే అక్కడ కదిలే పట్టా నాలుక పూర్తిగా అతుక్కోదు, బండి పట్టా తప్పుతుంది. పాయింట్ల గుంతలోంచి నీళ్ళు పోయే కాలువ, రోజూ ఊడ్చే మనిషి లేకపోతే ఎంత గొప్ప సిగ్నలింగ్ పెట్టినా పనికిరాదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం, నడపడం. ఆడిస్ అబాబా పేరు విన్నావా, ఇథియోపియా రాజధాని. 2015 సెప్టెంబరులో అక్కడ లైట్ రైల్ మొదలైంది. రెండు లైన్లు, సుమారు 34 కిలోమీటర్లు, 41 బండ్లు, ఖర్చు 47.5 కోట్ల డాలర్లు, అందులో 85 శాతం చైనా ఎగ్జిమ్ బ్యాంకు అప్పు. కట్టడం చాలా వేగంగా, పద్ధతిగా కట్టారు. జనం ఎగబడి ఎక్కారు. కొన్నేళ్ళు తిరిగేసరికి సగానికి పైగా బండ్లు డిపోలో పడి ఉన్నాయి, విడి భాగాలు విదేశం నుంచి రావాలి, కొనడానికి డాలర్లు లేవు, టికెట్ ధర బాగా తక్కువ కాబట్టి వచ్చే డబ్బు మరమ్మతుకి చాలదు. పట్టాలు బాగున్నాయి, స్టేషన్లు బాగున్నాయి, బండ్లు లేవు. పొద్దున్నే పనికి పోవాల్సిన జనం మళ్ళీ మినీబస్సుల కోసం నిలబడ్డారు. ఆ ఊరిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. మన లాంటి ఊరికి రాబోయే సమస్య అచ్చం అదే కాబట్టి చెప్తున్నాను. బండి కొనేటప్పుడే పదేళ్ళకి సరిపడా చక్రాలు, బ్రేకు ప్యాడ్లు, ఎలక్ట్రానిక్ కార్డులు ఏ ధరకి ఎవరిస్తారో కాంట్రాక్టులో రాయించుకోవాలి. ఒక్క ఊరికే పరిమితమైన వింత మోడల్ కాకుండా ఇంకా నాలుగు ఊళ్ళలో తిరిగే బండి కొనాలి. చక్రాలు గుండ్రంగా చెక్కే లేత్ మిషన్ డిపోలో నేల కింద ఉండాలి. ఊరి రోడ్లలో 25, 30 మీటర్ల రేడియస్ మలుపులుంటాయి, అక్కడ చక్రం అంచు త్వరగా అరుగుతుంది, లేత్ లేకపోతే బండి విప్పి చక్రం బయటికి పంపాలి, వారాలు పోతాయి.

తొందరపడి తెరవడం ఇంకో జబ్బు. కెనడాలో ఒటావా లైను 2019 సెప్టెంబరులో తెరిచారు. 2021లో ఆరు వారాల తేడాలో రెండు సార్లు బండి పట్టాలు తప్పింది. 2022లో వచ్చిన విచారణ నివేదికలో ట్రయల్ రన్ పాసయ్యే నిబంధనలని మధ్యలో సడలించిన సంగతి బయటపడింది. మన దేశంలో మెట్రోలకి ఆర్‌డీఎస్‌ఓ (రైల్వే పరిశోధన, ప్రమాణాల సంస్థ) పరీక్షలు, మెట్రో రైల్ సేఫ్టీ కమిషనర్ అనుమతి ఉన్నాయి, మంచి వ్యవస్థే. కానీ కమిషనర్ చూసేది భద్రత. ఖాళీ బండ్లతో అసలు టైంటేబుల్‌ని వారాల తరబడి నడిపి చూడడం, రాత్రి తీగ తెగినట్టు, బండి నడిమధ్యలో చచ్చినట్టు, స్టాపులో ఎవరికో గుండెనొప్పి వచ్చినట్టు డ్రిల్లులు చేయడం నడిపేవాళ్ళ బాధ్యత. ఓపెనింగ్ తేదీ ముందే ప్రకటించేస్తే మొదట కోత పడేది ఈ వారాల మీదే.

డబ్బు గురించి క్లుప్తంగా. టికెట్లతో మొత్తం పెట్టుబడి తిరిగొచ్చే లైట్ రైల్ నేనైతే చూడలేదు, రోజువారీ ఖర్చులు వస్తే సంతోషించాలి. 2017 మెట్రో పాలసీ ప్రకారం కేంద్రం సాయం కావాలంటే ముందు ఊరి మొత్తానికి రవాణా ప్లాను ఉండాలి, బస్సు లాంటి చవక మార్గాలతో పోల్చి చూపించాలి, స్టేషన్లకి 5 కిలోమీటర్ల దాకా ఫీడర్ సర్వీసు (జనాన్ని స్టేషన్‌కి చేర్చే బస్సుల లాంటివి) హామీ ఇవ్వాలి. ఈ షరతులు అడ్డంకులని విసుక్కుంటారు, నాకవి న్యాయంగానే కనిపిస్తాయి. 2011 లెక్కల్లో మూడున్నర లక్షల జనాభా ఉన్న బరంపురం ఆ పోలికలో ఇవాళ రైలుతో గెలవదు.

అలాగని చేతులు ముడుచుకోనక్కర్లేదు. ఇవాళ చేయగలిగినవి ఉన్నాయి, వాటికి పెద్ద డబ్బు కూడా అక్కర్లేదు. గోపాల్‌పూర్ రోడ్డు ఎప్పుడు వెడల్పు చేసినా మధ్యలో 8 మీటర్లు వదిలేయాలి, ముందు అందులో బస్సులు తిరగనివ్వాలి. మలుపులు, వాలు రైలుకి సరిపోయేలా ఇప్పుడే కొలతలు పెట్టుకోవాలి. ఆ మధ్య పట్టీ కింద కొత్తగా ఏ పైపూ వేయకూడదని మునిసిపాలిటీ, విద్యుత్ సంస్థ, టెలికం వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. డిపోకి ఊరి బయట కొన్ని హెక్టార్ల స్థలం, ఎత్తైన చోట, నీళ్ళు నిలవనిది, ఇప్పుడే కేటాయించి పెట్టాలి, పదేళ్ళ తర్వాత ఆ ధరకి దొరకదు. పర్లాకిమిడి రాజావారు 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా వేయించిన రెండున్నర అడుగుల గేజ్ లైను కూడా 1931కి గానీ గుణుపురం చేరలేదు. కొంత వేసి, నడిపి, గిరాకీ చూసి పొడిగించారు. ఆ దారే 2004లో మూసి, 2011లో బ్రాడ్‌గేజ్‌గా తెరిచారు. దారి నిలబడి ఉంటే దాని మీద ఏ బండి నడపాలో తర్వాతి తరం తేల్చుకుంటుంది.

నీ చదువు విషయం. డిప్లొమాతో ట్రాక్, యుటిలిటీ సర్వే (నేల కింద పైపులు, కేబుళ్ళ సర్వే), స్టాపుల సివిల్ పనుల్లో సైట్ ఉద్యోగాలు దొరుకుతాయి. టోటల్ స్టేషన్ (దూరాలు, కోణాలు కొలిచే సర్వే పరికరం) మీద స్వయంగా పని చేయడం నేర్చుకో, మలుపుల జ్యామితి, సూపర్ ఎలివేషన్ (మలుపులో బయటి పట్టాని ఎత్తు చేయడం), ట్రాన్సిషన్ కర్వ్ (తిన్నటి దారి నుంచి మలుపులోకి మెల్లగా వంగే భాగం) కాగితం మీద లెక్క కట్టడం నేర్చుకో, సాఫ్ట్‌వేర్ తర్వాత వస్తుంది. బేసిక్ ఎలక్ట్రికల్ ఒక పుస్తకం చదువు, సివిల్ వాళ్ళు లీకేజీ కరెంటు అర్థం కాకనే తప్పులు చేస్తారు. తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చిన కుర్రాడు సైటులో ఎంత పనికొస్తాడో నీకు వెళ్ళాక తెలుస్తుంది. అవకాశం దొరికితే నాగపూర్‌లోనో హైదరాబాద్‌లోనో డిపోలో అప్రెంటిస్‌గా చేరు, కట్టే చోట కంటే బాగుచేసే చోట ఎక్కువ నేర్చుకుంటావు.

ఈలోగా ఒక పని చేయగలవా? ఇద్దరు ముగ్గురు స్నేహితుల్ని తీసుకుని మామూలు పనిరోజున ఉదయం 8 నుంచి 11 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా గోపాల్‌పూర్ రోడ్డు మీద ఊరి అంచున నిలబడి లెక్కపెట్టండి. ఒక్కో పావుగంటకి, ఒక్కో దిశలో, బస్సులు ఎన్ని, ఆటోలు ఎన్ని, టూవీలర్లు ఎన్ని, ఒక్కోదానిలో సుమారు ఎంతమంది. పరీక్షలు, పండగలు లేని వారం చూసుకోండి. ఆదివారం సాయంత్రానిది వేరే కాగితం మీద రాయండి, రెండూ కలపొద్దు. ఆ అంకెలు ఇక్కడ పెడితే ఎన్ని నిమిషాలకో బండి సరిపోతుందో, అది బస్సా రైలా, లెక్క నేను కట్టి చూపిస్తాను.